బూరి చెవిలో పక్కు

ఈ ఉదయం కొట్టు షట్టరు ఎత్తబోతుంటే వెనక వాకిట్లోంచి ఆ చప్పుడు మళ్ళీ వినిపించింది. టకటకటక. కాసేపు ఆగి మళ్ళీ టకటకటక. రాత్రంతా ముసురు పట్టి గోనెసంచులన్నీ చెమ్మ వాసన కొడుతున్నాయి. చేతిలో తాళాలు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. కుందేలు వెనక కాలితో చెవి గోక్కుంటే ఆ కాలు పెట్టె అడుగుపలకకు తగిలి వచ్చే చప్పుడది. తెలియనివాళ్ళు వింటే ఏదో ఆడుకుంటోందనుకుంటారు. నాకు మాత్రం వెంటనే రూతమ్మగారు గుర్తొచ్చారు. "ఆ సప్పుడేటి బాబూ?" అని కొట్టు గడపలో నిలబడి ఆవిడ అడిగిన మాట, ఎదురుగా ఉండి అడిగినంత స్పష్టంగా చెవిన పడింది. ఆవిడ పోయి ఏడాది దాటింది.

రూతమ్మగారిని చూడనివాళ్ళకు ఆవిడ గురించి చెప్పడం కొంచెం కష్టమే. మెచ్చుకోదగ్గ లక్షణాలన్నీ మొదట తిట్లలాగే కనిపించేవి. పశువుల డాక్టరుగా ఈ చుట్టుపక్కల చాలా ఊళ్ళలో పనిచేసి, రిటైరయ్యాక చీపురుపల్లిలో చర్చి వెనక వీధిలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఒక్కరే ఉండేవారు. నాలుగు కోళ్ళు, ఒక గొడుగు, ఒక చేతిసంచీ ఆవిడ సంసారం. కోళ్ళకు నూకలూ తనకు కాఫీపొడీ కొనడానికి మా కొట్టుకు వచ్చేవారు. చదువుకున్నవాళ్ళలా మాట్లాడటం ఆవిడకు వచ్చు, కానీ గొడ్ల కాపరులతో జీవితమంతా ఏ మాట మాట్లాడారో అదే మాట అందరితోనూ మాట్లాడేవారు. కలెక్టరైనా సరే, పాలవాడైనా సరే. "ఎలా ఉన్నారమ్మా?" అని అడిగితే "బతికున్నాను, కనబడతన్నాను కదా" అనేవారు. ఆవిడ రాగానే మా బేరాలు కొంచెం చల్లబడేవి. నిజం చెప్పాలంటే ఆవిడంటే నాకు అప్పట్లో ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు.

మా పాప జాహ్నవి. జానూ అనేవాళ్ళం. రెండో తరగతి చదువుతుండగా బొబ్బిలి సంతలో రెండు కుందేలు పిల్లల్ని చూసి, కొనేదాకా అక్కడే చతికిలబడి కూర్చుంది. తెల్లగా గుండ్రంగా ఉన్నదానికి బూరి అనీ, గోధుమరంగులో సన్నగా ఉన్నదానికి జంతిక అనీ పేర్లు పెట్టింది. సరుకుల కొట్టు పిల్ల కదా, పేర్లు కూడా తినేవే తట్టాయి. మరుసటి వర్షాకాలంలో జానూకి జ్వరం వచ్చింది. విశాఖపట్నం తీసుకెళ్ళాం. దక్కలేదు. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

కర్మకాండలన్నీ అయ్యాక నేను కొట్టు తెరిచాను. తెరవకపోతే ఏం చెయ్యాలో తెలియక తెరిచాను. నా భార్య పద్మ మాత్రం మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, తినేది కాదు. చుట్టాలు వచ్చి ఎదురుగా కూర్చుంటే గోడ వైపు చూసేది. కుందేళ్ళ దగ్గర తప్ప ఇంకెక్కడా ఆమెకు పని లేదు. వాటికి గడ్డి వెయ్యడం, ఒళ్ళో పెట్టుకోవడం. శనివారం వస్తే ఇంకో పని ఉండేది. మా ఇళ్ళలో పిల్లలకు శనివారం తలంటు తప్పదు. ఒంటికి నువ్వులనూనె, చెవుల్లో వెచ్చచేసిన నూనె చుక్క, ఆ తర్వాత కుంకుడురసం, ఆఖరున సాంబ్రాణి ధూపం. జానూ పెట్టే రాగాలు ఆ పూట వీధి చివరిదాకా వినిపించేవి. ఇప్పుడు అదే పీట వేసి, అదే గిన్నెలో నూనె వెచ్చచేసి, పద్మ బూరికి తలంటు పోసేది. చెవిలో ఏదో బెరడులా గట్టిపడి కనిపిస్తే మురికనుకుని నూనెతో నానబెట్టి గోటితో పీకి శుభ్రం చేసేది. వచ్చే శనివారానికి అది ఇంకా మందంగా కట్టేది. మళ్ళీ పీకేది. కొన్నాళ్ళకు బూరి తల ఒక పక్కకు వాలడం మొదలైంది. ఎవరైనా పిలిస్తే విందామని తల వంచినట్టు ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం రూతమ్మగారు నూకలకు వచ్చారు. నేను తూకం వేస్తుండగా ఆ చప్పుడు విని అడిగారు, "ఆ సప్పుడేటి బాబూ?" అని.

"కుందేళ్ళండీ. పాపవి."

"సెవి గోక్కుంటన్నాది. బాగా ముదిరినట్టున్నాది" అని, లోపలికి రమ్మని నేను అనకముందే పక్క సందులోంచి వాకిట్లోకి నడిచారు. పద్మ బూరిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. రూతమ్మగారు ఒక చెయ్యి గుండె కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ళ కింద పెట్టి దాన్ని ఎత్తుకున్నారు. అందరిలా చెవులు పట్టుకుని ఎత్తలేదు. చెవి లోపలికి చూశారు. వాసన చూశారు. ఆవిడ ముఖం మారిపోయింది.

"కుంకుడుకాయ వాసనొస్తన్నాది. ఎవరమ్మా దీనికి తలంటు పోసినారు?"

"నేనే" అంది పద్మ. "శనివారం శనివారం పోస్తాను. జానూకి పోసినట్టే."

ఎన్నో రోజుల తర్వాత బయటివాళ్ళ ముందు పద్మ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే. రూతమ్మగారు ఆ తడి గచ్చు మీదే చీర తడుస్తుందని కూడా చూసుకోకుండా కూర్చుండిపోయారు. కూర్చుని ఏ తాలింపూ లేకుండా చెప్పారు.

"సూడమ్మా, నాకు అబద్ధం సెప్పడం రాదు. ఇది సెవి పురుగు. కంటికి ఆనని పురుగులు లోపల కాపరం పెట్టినాయి. అవి కొరికిన సోట రసం కారి, ఎండిపోయి, ఈ పక్కు కట్టినాది. ఇది మురికి కాదు. పక్కు పీకితే కింద పచ్చి పుండే. పీకినప్పుడల్లా దానికి పానం పోయినంత నొప్పి. తలంటు కుందేలుకి పనికిరాదు. తడికీ బెదురుకీ గుండె ఆగిపోతాది. ఇన్నాళ్ళు ఆగనేదంటే దాని అదృష్టం."

పద్మ తన గోళ్ళ వైపు చూసుకుంది. తర్వాత మెల్లిగా అడిగింది. "అంటే నా చేతుల్తో నేనే దీన్ని చంపుతన్నానా?"

ఆ ప్రశ్న కుందేలు గురించి మాత్రమే కాదని నాకు తెలుసు. జ్వరం వచ్చిన మొదటిరోజు తగ్గిపోతుందిలే అనుకుని పాపను బడికి పంపింది పద్మే. అప్పటినుంచి ఆ మాట ఆమెను లోపల్నుంచి తొలుస్తోంది. లేదమ్మా, నీ తప్పేమీ లేదమ్మా అని రూతమ్మగారు అంటారని ఎదురుచూశాను. ఎవరైనా అదే అంటారు. వచ్చినవాళ్ళందరూ అదే అన్నారు.

"నువ్వు ప్రేమగానే సేసినావు. దానికి నొప్పీ పెట్టినాది. రెండూ నిజమే" అన్నారు రూతమ్మగారు. "ఇయాల్టి నుంచి నొప్పెట్టకుండా సూడొచ్చు. అదీ నిజమే."

పద్మ బూరిని లాక్కుని లోపలికి వెళ్ళి గడియ పెట్టేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పుండు మీద కారం చల్లడానికి వచ్చారా అని అడిగేశాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. మెట్టు మీద కూర్చుని చీరకు అంటుకున్న తెల్లబొచ్చు ఒక్కొక్కటే ఏరుకుంటూ, "మెత్తమెత్తగా సెప్పేవోళ్ళు మీకు శానామంది ఉన్నారు కదా బాబూ. ఆళ్ళ వల్ల ఏటయినాది?" అన్నారు. ఆవిడ అక్కడే కూర్చున్నారు. బడి వదిలిపెట్టారు, సాయంత్రం పాసింజరు కూత పెట్టుకుంటూ వెళ్ళిపోయింది, ఆవిడ కదల్లేదు. లోపల ఏ శబ్దమూ లేదు. పద్మ లోపల ఏం చేసుకుంటుందోనని నా ప్రాణం నా దగ్గర లేదు. చీకటి పడే వేళకు గడియ తీసిన చప్పుడైంది. బూరిని రెండు చేతుల్లో పట్టుకుని, ఆవిడ పట్టుకున్నట్టే పట్టుకుని, పద్మ బయటికి వచ్చింది.

"ఏటి చెయ్యాలో చెప్పండి" అంది.

మర్నాడు మందు సంచీతో రూతమ్మగారు వచ్చారు. కుక్కలకు పిడుదులు పడితే వేసే మందు పక్కింట్లో ఉంది, తెమ్మంటారా అని నేనడిగితే, "కుక్కకి పనిసేసే మందుల్లో కొన్ని కుందేలుని సంపేస్తాయి. ఊరికే ఉండు" అని కసిరారు. బరువును బట్టి మందు వెయ్యాలట. కొట్లో కాటా మీద బుట్ట పెట్టి, బుట్టలో బూరిని పెట్టి తూచాం. పంచదారకు వచ్చినాయన ఒకరు చూసి, "ఏటి శెట్టిగారూ, కుందేళ్ళు కూడా అమ్మతన్నారేటి?" అన్నాడు. పాపం తెలియక అన్నాడు. పద్మ చేత పాత తువ్వాలు తెప్పించి, పురిటిబిడ్డను చుట్టినట్టు బూరిని చుట్టడం ఆవిడ నేర్పారు. కాళ్ళు కదలకపోతే దానికి భయం తగ్గుతుందట, తన్నుకుని నడుం విరగ్గొట్టుకోకుండా ఉంటుందట. మెడ వెనక తోలు కింద సూదిమందు వేశారు. చెవిలో పక్కును మాత్రం ముట్టుకోలేదు. "పురుగు సస్తే పక్కు దానంతటది రాలిపోతాది. నువ్వు దాన్ని ఒగ్గీ, ముట్టుకోకు. అదే వైద్యం" అన్నారు. ఆ తర్వాత జంతికను పట్టుకు రమ్మన్నారు.

"దీనికేమీ లేదు కదండీ. చెవులు శుభ్రంగా ఉన్నాయి" అన్నాను.

"ఒకే గూట్లో ఉన్నాయి. ఒకదానికుంటే రెండోదానికీ ఉన్నట్టే. పైకి కనబడనేదు, అంతే. దీన్ని వొదిలేసినావంటే దానికి తగ్గడం కూడా ఉత్తదే" అంటూ జంతికకు కూడా సూది పొడిచారు. పొడిచి, కళ్ళజోడు మీదుగా నన్ను చూశారు. "నీ సంగతేటి?"

"నాకేమండీ. బాగానే ఉన్నాను."

"ఊఁ. జంతిక కూడా అదే అంటన్నాది" అని సంచీ సర్దుకున్నారు.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదని అనను. అర్థమైంది, అయినా పక్కకు నెట్టేశాను. కొట్టు నడవాలి కదా అనుకున్నాను. అప్పటినుంచి కనిపించిన ప్రతిసారీ ఆవిడ అదే అడిగేవారు, నేను అదే చెప్పేవాణ్ణి.

కొన్ని రోజులకు బూరి చెవిలోంచి ఒక పక్కు ముక్క దానంతటదే రాలి గడ్డిలో పడింది. పద్మ దాన్ని కాగితంలో పొట్లం కట్టుకుని, నన్ను తోడు తీసుకుని రూతమ్మగారి ఇంటికి వెళ్ళింది. పాప పోయాక పద్మ గడప దాటడం అదే మొదలు. ఆవిడ ఇంట్లో సామానే లేదు. తలుపు వెనక మేకుకు మాత్రం ఒక మగవాళ్ళ వానకోటు తగిలించి ఉంది. ఎంత పాతదంటే మడతల దగ్గర రంగు వెలిసిపోయింది. దుమ్ము మాత్రం లేదు. ఎవరిదని మేము అడగలేదు, ఆవిడ చెప్పలేదు. కిటికీ దగ్గర పాత మైక్రోస్కోపు పెట్టి, ఆ ముక్కను గాజుపలక మీద నలిపి, పద్మను చూడమన్నారు. పురుగులు కొన్ని చచ్చి ఉన్నాయి, కొన్ని ఇంకా కాళ్ళాడిస్తున్నాయి. పద్మ చూసి చూసి తల ఎత్తింది. "ఇన్ని పాకుతుంటే ఒక్కసారి కూడా అరవలేదేటండీ ఇది?"

"కుందేలు అరవదమ్మా. అరిస్తే నక్కకి తెలిసిపోతాది కదా. నొప్పి దాసుకోడం దానికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. మేత తింటానే ఉంటాది, తిరగతానే ఉంటాది. ఏటీ నేదని సూసినోళ్ళు అనుకుంటారు" అన్నారు రూతమ్మగారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చూస్తున్నది పద్మను కాదు.

రెండోసారి మందు వెయ్యడానికి ఆవిడ వచ్చిన రోజున పార్వతీపురం నుంచి మా అక్క వచ్చి ఉంది. అక్క మంచిది. మరదలు కోలుకోవాలని మనసారా కోరుకుని, జానూ బట్టలూ పుస్తకాలూ అన్నీ ఒక సంచిలో సర్దేస్తోంది. "కళ్ళ ముందు కనబడుతుంటే మరుపు ఎలాగ వస్తాది? ఇవన్నీ తీసేస్తే బేగి తేరుకుంటాది" అంటోంది నాతో. పద్మ గోడకు ఆనుకుని చూస్తోంది. రూతమ్మగారు గుమ్మంలో నిలబడి ఒక్క క్షణం చూశారు.

"ఏటమ్మా, పక్కు పీకతన్నావా?" అన్నారు అక్కతో.

అక్కకు ఏమీ అర్థం కాలేదు. పద్మకు అర్థమైంది. లేచి వచ్చి సంచిలో చెయ్యి పెట్టి, రెండు జేబులున్న పసుపు గౌను బయటికి తీసింది. ఆ జేబుల్లో ఎప్పుడూ కొట్లోని వేరుశనగపలుకులు ఉండేవి. దాన్ని మళ్ళీ మేకుకు తగిలించింది. తగిలించి, దాన్ని పట్టుకుని గొంతెత్తి ఏడ్చింది. పాప పోయినప్పటి నుంచి అలా ఏడవలేదు. అక్క కంగారుపడి ఊరుకోబెట్టబోతే రూతమ్మగారు ఆపారు. "ఏడవనియ్యి. అది ఎప్పుడు రాలతాదో నీకూ తెల్దు, నాకూ తెల్దు" అని, కుందేళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. చెవి బాగుపడింది కదా, మళ్ళీ మందెందుకండీ అని నేను అడిగితే, పురుగు గుడ్లు ఇంకా ఉంటాయి, అవి పిల్లలవుతాయి, తగ్గిపోయిందనుకున్నప్పుడే మళ్ళీ చూసుకోవాలి అని చెప్పారు. పెట్టెను మరిగే నీళ్ళతో కడిగించి, పాత గడ్డీ పాత గోనెలూ తగలబెట్టించి, పెట్టె ఆరడానికి ఎండ పొడ వచ్చేదాకా కూర్చుని వెళ్ళారు.

బూరి బతికింది. మెడ వాలు మాత్రం సరికాలేదు. పురుగు చచ్చినా లోపలి చెవి దెబ్బతింది. వంకరగానే బతుకుతుందని రూతమ్మగారు ముందే చెప్పారు. "దానికి అలవాటయిపోతాది. సూసేవోళ్ళకే అలవాటు కాదు" అన్నారు. అలాగే రెండేళ్ళు తల వాల్చుకుని, గుండ్రంగా తిరుగుతూ, గడ్డి తింటూ బతికి ఒక చలికాలం పొద్దున పోయింది. పద్మే కరివేపాకు మొక్క పక్కన గొయ్యి తీసి పూడ్చింది. ఏడ్చింది, స్నానం చేసింది, వంట చేసింది, తను కూడా తిన్నది. కోలుకుందని అనను. మా ఇంట్లో ఆ మాట వాడం. వంకరగానే బతకడం ఇద్దరమూ నేర్చుకున్నాం. నేను ఇంకా సరిగ్గా నేర్చుకోలేదేమో.

కిందటేడు ఒక ఉదయం రూతమ్మగారి కోళ్ళను ఎవరూ గూట్లోంచి వదల్లేదు. గోల విని పక్కింటివాళ్ళు తలుపు తోశారు. నిద్రలోనే పోయారు. సమాధుల దొడ్డిలో వాన పడుతుండగా పాట పాడి మట్టి వేశారు. మా ఇంటివాళ్ళు ఎవరూ అంతకుముందు ఆ దొడ్డిలో అడుగు పెట్టలేదు. ఎవరేమంటారో అని నేను గేటు దగ్గర తటపటాయిస్తుంటే పద్మ నన్ను దాటుకుని లోపలికి వెళ్ళి పిడికెడు మట్టి వేసి వచ్చింది. తర్వాత ఆవిడ తమ్ముడెవరో వచ్చి ఇల్లు ఖాళీ చేయించాడు. ఆ వానకోటు వీధిలో చెత్తకుప్ప మీద పడి ఉండటం పద్మ చూసింది. తెచ్చి, ఉతక్కుండా, తుడిచి మా గదిలో మేకుకు తగిలించింది, పసుపు గౌను పక్కన. ఎవరిదో ఇప్పటికీ మాకు తెలియదు. ఎవరికోసమో ఆవిడ దాన్ని అన్నేళ్ళు తీయలేదని మాత్రం తెలుసు.

ఈరోజు షట్టరు ఎత్తలేదు. జంతికకు ఇప్పుడు ముసలితనం, చెవిలో మళ్ళీ సన్నగా పక్కు కడుతోంది. అదే పాత తువ్వాల్లో చుట్టి, పద్మా నేనూ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి సూదిమందు వేయించుకొచ్చాం. పద్మ పెట్టెను మరిగే నీళ్ళతో కడిగింది. నేను కొత్త గడ్డి పరిచాను. జంతికను లోపల పెట్టి, తువ్వాలు మడిచి, పద్మ నా వైపు తిరిగింది.

"మీ సంగతేటి?" అంది.

అచ్చం రూతమ్మగారి గొంతే. బాగానే ఉన్నాను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా అందరికీ, అడగనివాళ్ళకు కూడా, అదే చెబుతూ వచ్చాను. పెట్టెలో జంతిక నెమ్మదిగా గడ్డి నములుతోంది.

"బాగా లేను పద్మా" అన్నాను. "నిన్న బడిపిల్లలు పెన్సిళ్ళకి వచ్చారు. అందులో ఒక పిల్ల పొడుగ్గా ఉంది. మనదీ ఈపాటికి అంత అయ్యుండేది. ఆ పిల్ల వెళ్ళాక బస్తాల వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. రోజూ అక్కడే కూర్చుంటాను, నీకు చెప్పలేదు."

పద్మ ఊరుకోమనలేదు. వచ్చి నా పక్కన ఆ తడి గచ్చు మీద కూర్చుంది. వీధిలోంచి ఎవరో షట్టరు తడుతూ "శెట్టిగారూ, ఓ శెట్టిగారూ" అని పిలిచారు. ఇద్దరం విన్నాం. లేవలేదు.